కిడ్నీ జబ్బు ఉన్నవారి భోజనం: మానవలసినవి సరే, తినవలసినవి ఏవి?

వెన్నెలబాట:
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 64 ఏళ్లు. చాలా ఏళ్లుగా రక్తపోటు ఉంది, షుగర్ లేదు. ఇటీవల చేయించిన పరీక్షల్లో క్రియాటినిన్ (కిడ్నీలు వడపోయవలసిన వ్యర్థం) 1.9, ఇ-జీఎఫ్‌ఆర్ (కిడ్నీల వడపోత వేగం) 38 వచ్చాయి. మూడు నెలలు ఆగి మళ్లీ చేయించినప్పుడూ దాదాపు అవే అంకెలు రావడంతో ఇది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బేనని, అయిదు దశల్లో మధ్యదైన 3బి దశలో ఉందని డాక్టరుగారు నిర్ధారించారు. పొటాషియం 4.6, ఫాస్ఫరస్ 3.6 ఉన్నాయి, రెండూ మామూలు హద్దుల్లోనే. కాళ్ల వాపు లేదు, మూత్రం మామూలుగానే వస్తోంది. ఉప్పు బాగా తగ్గించమని, మాంసకృత్తులు మితంగా తీసుకోమని చెప్పి, మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు.

ఈ విషయం తెలిసిన దగ్గర్నుంచి అయినవాళ్లంతా తలా ఒక జాబితా పంపుతున్నారు. ఒకదానిలో పప్పుల జోలికే పోవద్దని, ఇంకొకదానిలో పండ్లు ఒక్కటీ ముట్టవద్దని, మరొకదానిలో రోజుకు లీటరుకు మించి నీళ్లు తాగవద్దని, వేరొకదానిలో నీళ్లు ఎంత ఎక్కువ తాగితే కిడ్నీలు అంత శుభ్రపడతాయని ఉంది. నాన్నగారు భయపడి, అన్ని జాబితాల్లోనూ నిషేధం లేని పదార్థాలను మాత్రమే ఏరుకుని తింటున్నారు; అంటే పూటకు కాస్త అన్నం, ఉప్పు వేయకుండా ఉడికించిన సొరకాయ. పప్పు లేదు, పాలు లేవు, గుడ్డు లేదు, పండు లేదు. 65 కిలోలు ఉండే మనిషి 62కు వచ్చారు, మెట్లెక్కుతుంటే కాళ్లు తేలిపోతున్నాయంటున్నారు. ఇది జబ్బు వల్ల వచ్చిన నీరసమా, తిండి లేక వచ్చిన నీరసమా అన్నది నాకు తేలడం లేదు. ఏం మానాలో చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఏం తినాలో తెలిసినవారు, అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

ఆరుబయలు:
వెన్నెలబాట గారూ, మీకు అందిన జాబితాల్లో సగం నాలాంటి వారి కోసం రాసినవి. నేను కొన్నేళ్లుగా హీమోడయాలిసిస్ (యంత్రంతో రక్తాన్ని శుద్ధి చేయించుకోవడం) మీద ఉన్నాను. నాకు మూత్రం దాదాపు రాదు కాబట్టి తాగిన ప్రతి చుక్కా తర్వాతి డయాలిసిస్ వరకు ఒంట్లోనే ఉంటుంది. అందుకని పొద్దున్నే ఒక సీసాలో నా రోజు కోటా నీళ్లు నింపి పెట్టుకుంటాను. టీ తాగినా, మజ్జిగ తాగినా అంత కొలత నీళ్లు ఆ సీసాలోంచి తీసి పారబోస్తాను. సాయంత్రానికి సీసాలో ఎంత మిగిలిందో చూస్తే నా పరిస్థితి నాకు తెలిసిపోతుంది. మీ నాన్నగారికి మూత్రం మామూలుగా వస్తోంది, వాపు లేదు, పొటాషియం 4.6. ఆయనకు ఈ నియమం ఎందుకు? నాకు ప్రాణరక్షణ అయినది ఆయనకు అనవసరమైన శిక్ష అవుతుంది.

ఇంకొక తేడా కూడా చెబుతాను. డయాలిసిస్ మొదలయ్యే ముందు నాకు మాంసకృత్తులు తగ్గించమన్నారు, మొదలయ్యాక పెంచమన్నారు. అదే మనిషి, అవే కిడ్నీలు, కానీ సలహా తలకిందులైంది. దశ ఏమిటో, రిపోర్టు ఏమిటో అడగకుండా ఎవరైనా జాబితా ఇస్తే దాన్ని పక్కన పెట్టండి.

పథ్యమిత్ర:
నేను కిడ్నీ రోగులకు ఆహార సలహాలిచ్చే డైటీషియన్‌ను. మీ నాన్నగారిని చూడలేదు కాబట్టి ఆయనకు పథ్యం రాయను. అయితే ఈ దశలో ఆలోచన ఎలా సాగాలో వివరంగా చెప్పగలను.

అన్నిటికన్నా ముందు చూడవలసింది ఆయన తగ్గిపోయిన మూడు కిలోలు. వాపు తీసి తగ్గిన బరువైతే వేరు, కానీ ఆయనకు వాపే లేదంటున్నారు. ఒంటికి చాలినంత శక్తి అందనప్పుడు శరీరం తన కండను తానే కరిగించుకుంటుంది. అలా కరిగిన కండ నుంచి వచ్చే వ్యర్థాలను వడపోయవలసింది మళ్లీ ఆ కిడ్నీలే. మాంసకృత్తులు తగ్గించి కిడ్నీలకు విశ్రాంతి ఇస్తున్నామనుకుంటూ, అన్నం కూడా సగానికి తగ్గిస్తే ఆ ప్రయోజనం దక్కదు. ఇటువంటివారికి రోజుకు కిలో బరువుకు 25 నుంచి 35 కిలోక్యాలరీలు కావాలి. 62 కిలోల మనిషికి అది సుమారు 1,550 నుంచి 2,170 వరకు అవుతుంది. పూటకు కాస్త అన్నం, సొరకాయతో అందులో సగం రావడం కూడా కష్టమే. షుగర్ లేదు కాబట్టి ధాన్యాలు, నూనె, కొంచెం తీపి ఆయన విషయంలో శత్రువులు కావు, శక్తినిచ్చే నేస్తాలు.

మాంసకృత్తుల మాటకొస్తే, కిడ్నీ వైద్యులు ప్రపంచమంతటా అనుసరించే కేడీఐజీఓ మార్గదర్శకాలు 2024లో చెప్పింది ఇది: 3 నుంచి 5 వరకు ఉన్న దశల్లో, డయాలిసిస్ లేనివారు, రోజుకు కిలో బరువుకు 0.8 గ్రాముల దగ్గర ఉండాలి. జబ్బు ముదిరే ప్రమాదం ఉన్నవారు 1.3 గ్రాములు దాటకూడదు. 0.8 లెక్కన మీ నాన్నగారికి రోజుకు సుమారు 50 గ్రాములు. మితం అంటే ఇదే, శూన్యం కాదు. ఒక గుడ్డులో 6 గ్రాములు, పావు లీటరు పాలు లేదా పెరుగులో సుమారు 8, పచ్చిగా తూచిన 50 గ్రాముల పప్పులో 11 నుంచి 12 గ్రాములు ఉంటాయి. రోజంతా తినే అన్నం, రొట్టెల నుంచి మరో 20 గ్రాముల వరకు వస్తాయి. అంటే పప్పు, పాలు, గుడ్డు మూడూ ఒకే రోజున ఉన్నా ఆయన హద్దు దాటరు. మాంసం తినేవారైతే చిన్న ముక్క తీసుకున్న రోజున గుడ్డును, పప్పును ఆ మేరకు తగ్గించుకుంటే సరిపోతుంది.

పప్పుల మీద ఉన్న భయం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పప్పుల్లో ఫాస్ఫరస్ ఉన్న మాట నిజమే. అయితే గింజల్లోని ఫాస్ఫరస్‌లో ఎక్కువ భాగం ఫైటేట్ అనే, సులభంగా విడిపోని రూపంలో ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైము మన పేగుల్లో చాలినంత లేదు కాబట్టి అందులో సగం కూడా ఒంటికి పట్టదు. ప్యాకెట్ ఆహారాల్లో కలిపే ఫాస్ఫేట్ లవణాలు మాత్రం దాదాపు పూర్తిగా, తొంభై శాతం వరకు రక్తంలో చేరతాయి. పప్పు మానేసి, ప్రాసెస్ చేసిన చీజు, నల్లని శీతల పానీయం, నిల్వ చేసిన మాంసం తీసుకునే మనిషి ప్రమాదాన్ని వదిలించుకున్నట్టు కాదు, ఎంచి తెచ్చుకున్నట్టు. ప్యాకెట్ వెనుక పదార్థాల వరుసలో ఫాస్ఫేట్ లేదా ఫాస్ఫోరిక్ ఆమ్లం అన్న మాటలు వెతకండి. పేరు రాయకుండా సంఖ్య మాత్రమే రాస్తే 338 నుంచి 341 వరకు, 450 నుంచి 452 వరకు ఉన్నవి ఆ కోవలోవే.

నీళ్ల విషయం త్వరగా ముగిస్తాను. వాపు, గుండె బలహీనత లేనప్పుడు ఈ దశలో దాహాన్ని బట్టి తాగితే చాలు. ఎక్కువ నీళ్లు తాగిస్తే జబ్బు నెమ్మదిస్తుందేమోనని మూడో దశ రోగుల మీద కెనడాలో ఒక ప్రయోగం చేశారు. 2018లో వచ్చిన దాని ఫలితాల్లో ఏడాది తర్వాత కిడ్నీల పనితీరులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

గట్టుమీదచెట్టు:
పథ్యమిత్ర గారి మాటతో నేను కొంత విభేదిస్తున్నాను. మా అమ్మగారికి నాలుగో దశలో మాంసకృత్తులు చాలా తగ్గించి, దానికి తోడు ఆ లోటు పూడ్చే కీటో మాత్రలు ఇచ్చారు. క్రియాటినిన్ నిలకడగా ఉంది, వాంతి వచ్చినట్టుండే బాధ తగ్గింది. 0.8 అనేది చాలా ఉదారమైన లెక్క అనిపిస్తోంది. తగ్గించగలిగినంత తగ్గిస్తేనే మేలు కదా?

పథ్యమిత్ర:
గట్టుమీదచెట్టు గారూ, మీ అమ్మగారికి జరిగిన వైద్యం సరైనదే, దానిని తప్పుపట్టడం లేదు. కిలోకు 0.3 నుంచి 0.4 గ్రాముల వరకు దించి, లోటును కీటో అనలాగ్ మాత్రలతో భర్తీ చేసే పద్ధతిని మార్గదర్శకాలు కూడా అంగీకరిస్తాయి. అయితే జబ్బు ముదిరే ప్రమాదం ఉండి, అందుకు సిద్ధపడి, పాటించగల శక్తి ఉన్నవారికే, దగ్గరి పర్యవేక్షణలో మాత్రమే చేయమంటాయి; బరువు తగ్గుతున్న మనిషికి, నీరసించిన పెద్దవారికి వద్దంటాయి. అమెరికా మార్గదర్శకాలు 2020లో షుగర్ లేనివారికి 0.55 నుంచి 0.6 గ్రాములు కూడా సూచించాయి కాబట్టి ఈ విషయంలో నిపుణుల మధ్యనే అభిప్రాయభేదం ఉన్న మాట వాస్తవం.

నేను 0.8 దగ్గర ఆగడానికి కారణముంది. 1994లో ప్రచురితమైన ఎండీఆర్‌డీ అధ్యయనంలో మధ్యస్థంగా దెబ్బతిన్న కిడ్నీలు ఉన్నవారిని రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి కిలోకు 1.3 గ్రాములు, రెండో వర్గానికి 0.58 గ్రాములు ఇచ్చారు. సుమారు రెండేళ్ల పరిశీలన తర్వాత సగటు క్షీణతలో స్పష్టమైన తేడా తేలలేదు. ఆ తర్వాతి పరిశోధనల్లో కొన్ని అనుకూలంగానూ వచ్చాయి. ఇంతటి సందిగ్ధమైన లాభం కోసం, ఇప్పటికే మూడు కిలోలు కోల్పోయిన మనిషి పళ్లెంలోంచి పప్పు తీసివేయమని చెప్పడానికి నాకు మనసొప్పదు. ఆయన ముందు కోలుకోవాలి.

నిశ్శబ్దనది:
మా వారికి షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఇప్పుడు నాలుగో దశ. అనుభవం మీద ఉప్పు గురించి రాస్తాను, ఎందుకంటే ఈ జబ్బులో నిజంగా మార్పు తెచ్చేది అదేనని మా డాక్టరుగారు ప్రతిసారీ గుర్తు చేస్తారు. ఉప్పు తగ్గితే రక్తపోటు మందులు బాగా పనిచేస్తాయి, మూత్రంలో పోయే అల్బుమిన్ అనే మాంసకృత్తు తగ్గుతుంది, దాహం కూడా తగ్గుతుంది.

రోజుకు 5 గ్రాములకు లోపు ఉప్పు, అంటే 2 గ్రాములకు లోపు సోడియం అని చెప్పారు. చెంచాలతో అందాజుగా వేస్తే లెక్క నిలవదు. అందుకని ఇంట్లో చిన్న త్రాసు ఒకటి పెట్టాను. ఉదయం ఆయన పేరున 3 గ్రాముల ఉప్పు తూచి చిన్న మూతగిన్నెలో వేస్తాను. మిగిలినది రొట్టెల్లోనూ, బయటి పదార్థాల్లోనూ ఎలాగూ చేరుతుందని లెక్క. వంట ఉప్పు లేకుండా చేసి, వడ్డించాక ఆ గిన్నెలోంచి చిటికెడు కూర పైన చల్లుతాను. లోపల కలిసిన ఉప్పుకన్నా పైన చల్లిన ఉప్పు నాలుకకు ముందుగా తగులుతుంది కాబట్టి తక్కువతోనే తృప్తి కలుగుతోంది. నిమ్మరసం, వెల్లుల్లి, మిరియాలు, వేయించిన జీలకర్ర ఆ లోటును చాలావరకు పూడుస్తున్నాయి. మొదటి వారాల్లో ఆయన పళ్లెం తోసేసేవారు. నాలుక అలవాటు పడ్డాక ఇప్పుడు బయటి భోజనమే ఉప్పగా ఉందంటున్నారు. వెన్నెలబాట గారూ, మీ నాన్నగారికి ఉప్పు పూర్తిగా తీసేసినట్టున్నారు; అంత అవసరం లేదేమో, రుచి లేకనే ఆయన తక్కువ తింటున్నారేమో చూడండి.

షుగర్ ఉన్నవారికి ఒక హెచ్చరిక. ఇన్సులిన్‌ను ఒంట్లోంచి తొలగించే పనిలో కిడ్నీలకూ భాగముంది; అవి మందగిస్తే ఇన్సులిన్ ఎక్కువసేపు పనిచేసి షుగర్ హఠాత్తుగా పడిపోవచ్చు. పథ్యం పేరుతో పూట తప్పించడం అప్పుడు చాలా ప్రమాదం. షుగర్ పడిపోయినప్పుడు నారింజరసం ఇవ్వడం మాకు అలవాటు. అందులో పొటాషియం ఎక్కువ కాబట్టి ఇప్పుడు గ్లూకోజు పొడి గానీ, పంచదార నీళ్లు గానీ ఇస్తున్నాము.

వెన్నెలబాట:
అందరికీ ధన్యవాదాలు. ఈ సమాధానాలు నాన్నగారికి చదివి వినిపించాను. నిశ్శబ్దనది గారు చెప్పిన పద్ధతి రేపే మొదలుపెడతాను. సోడియం తక్కువ ఉన్న ఉప్పు అని వేరే ప్యాకెట్లు అమ్ముతున్నారు కదా, అది వాడితే రుచీ ఉంటుంది, సోడియమూ తగ్గుతుంది కదా? ఆయన రక్తపోటుకు తెల్మిసార్టాన్ వేసుకుంటున్నారు.

పథ్యమిత్ర:
దయచేసి అది కొనవద్దు. ఆ ఉప్పుల్లో సోడియం క్లోరైడ్ బదులు కొంత పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఆరోగ్యవంతమైన కిడ్నీలున్నవారికి అది మేలు చేయవచ్చు; అటువంటి ఉప్పు మీద 2021లో ఫలితాలు వెలువడిన పెద్ద పరీక్షలో పక్షవాతం, మరణాలు తగ్గాయి. అయితే తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవారిని ఆ పరీక్షలో చేర్చుకోనే లేదు. తెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ వంటి మందులు కిడ్నీలను కాపాడతాయి, కానీ పొటాషియాన్ని కొంత పెంచుతాయి. రక్తపోటుకు, వాపుకు ఇచ్చే స్పైరనోలాక్టోన్ ఇంకా ఎక్కువ పెంచుతుంది. వాటికి తోడు ఈ ఉప్పు చేరితే రక్తంలో పొటాషియం గుండె లయను చెదరగొట్టే స్థాయికి వెళ్లవచ్చు. అలాగని భయపడి ఆ మందును మీ అంతట మీరు ఆపవద్దు.

ఆరుబయలు:
పొటాషియం గురించి నా వంతు మాట. నాకు ఒకసారి 6.4కు చేరింది. ఏ లక్షణమూ తెలియలేదు, కాళ్లు కాస్త బరువుగా ఉన్నట్టు మాత్రం అనిపించింది. గుండె గ్రాఫు చూసి వెంటనే పడుకోబెట్టారు. అందుకే ఇది లక్షణాలతో కాక రక్తపరీక్షతోనే తెలుసుకోవలసిన విషయం.

నాకు బంగాళాదుంప అంటే చాలా ఇష్టం, పూర్తిగా మానలేదు. తొక్క తీసి, పల్చగా కోసి, ముక్కలు బాగా మునిగి తేలేటన్ని నీళ్లలో ఉడికిస్తాను. ఆ నీళ్లు వంపేసి మళ్లీ కొత్త నీళ్లు పోసి మెత్తబడేదాకా ఉడికించి అవీ పారబోస్తాను. పచ్చి ముక్కలను రాత్రంతా నానబెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఉడికించి వంపితే పోయినంత పొటాషియం నానబెడితే పోదు. రుచి కొంత తగ్గుతుంది, పైన పోపు పెడితే సర్దుకుంటుంది. అయితే మలబద్ధకం ఉన్నా పొటాషియం పెరుగుతుందన్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. కిడ్నీలు పనిచేయనప్పుడు పేగులు కొంత పొటాషియాన్ని బయటికి పంపుతాయట. పండ్లు, కూరలు అన్నీ ఆపేస్తే పీచు లేక ఆ దారి కూడా మూసుకుపోతుంది.

కొత్తచిగురు:
నాకు 28 ఏళ్లు. వ్యాయామశాలకు వెళతాను, ప్రొటీన్ పొడి, కండల బలం కోసం క్రియాటిన్ అనే పొడి వాడతాను. కంపెనీ పరీక్షలో క్రియాటినిన్ 1.4 వచ్చింది. ఈ చర్చ చదివాక కంగారుగా ఉంది. వెంటనే మాంసకృత్తులు మానేయాలా?

పథ్యమిత్ర:
కొత్తచిగురు గారూ, మానవలసింది ముందు ఆ పొడులు. కండలు ఎక్కువున్నా, క్రియాటిన్ వాడినా, పరీక్షకు ముందు మాంసం బాగా తిన్నా కిడ్నీలు బాగున్నప్పటికీ క్రియాటినిన్ పెరిగి కనిపించవచ్చు. పొడులు ఆపి కొన్ని వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి. దానితో పాటు మూత్రంలో అల్బుమిన్‌ను, వీలైతే కండల మీద అంతగా ఆధారపడని సిస్టాటిన్-సీ అనే రక్తపరీక్షను చూడమని డాక్టరుగారిని అడగండి. అంతవరకు మామూలు భోజనం చేయండి.

సాయంసంధ్య:
నాకు కిడ్నీ మార్పిడి జరిగింది. మార్పిడి తర్వాత తిండికి అడ్డే ఉండదని కొందరు అనుకుంటారు కాబట్టి రాస్తున్నాను. మార్పిడి చేసిన కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా ఇచ్చే టాక్రోలిమస్ వాడేవారు గ్రేప్‌ఫ్రూట్ తినకూడదు. అది మందు స్థాయిని పెంచేస్తుంది. రోగనిరోధక శక్తిని అణిచే మందుల వల్ల పచ్చి గుడ్డు, సరిగా ఉడకని మాంసం, మరిగించని పాలు మాకు పనికిరావు. స్టెరాయిడ్ల వల్ల ఆకలి విపరీతమై బరువు, షుగర్ రెండూ పెరుగుతాయి. ఇంకొక మాట, ఏ దశలో ఉన్నవారైనా స్టార్ ఫ్రూట్‌ను మాత్రం తాకవద్దు. అందులో నరాల మీద పనిచేసే విషపదార్థం ఉంది. మంచి కిడ్నీలు దాన్ని బయటికి పంపేస్తాయి, దెబ్బతిన్నవి పంపలేవు. ఆగని ఎక్కిళ్లతో మొదలై మతిభ్రమ, మూర్ఛల దాకా వెళుతుంది, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి.

నిర్వాహకులు:
సభ్యులకు మనవి. మందుల మోతాదులు, కిడ్నీలను శుభ్రపరుస్తాయని చెప్పే కషాయాల వివరాలు ఇక్కడ రాయవద్దు. అటువంటి రెండు వ్యాఖ్యలను తొలగించాము.

వెన్నెలబాట:
మీరంతా చెప్పినదాన్ని బట్టి నాన్నగారితో కూర్చుని ఒక రోజు భోజనం రాశాను. ఉదయం రెండు రొట్టెలు, ఒక గుడ్డు, ఒక ఆపిల్. మధ్యాహ్నం కడుపునిండా అన్నం, చిక్కటి పప్పు ఒక గిన్నె, నూనెలో మగ్గించిన కూర, ఒక గిన్నె పెరుగు. సాయంత్రం పాలతో టీ, పంచదార వేసి. రాత్రి మళ్లీ అన్నమో రొట్టెలో, ఇంకొక కూర. రోజుకు తూచిన 3 గ్రాముల ఉప్పు. కూరలన్నీ రెండుసార్లు ఉడికించి నీళ్లు పారబోసి వండుదామనుకుంటున్నాను. పప్పు చూసి ఆయన ముఖంలో వెలుగు వచ్చింది కానీ, మొదటి ముద్ద తినే ముందు ఇది నిజంగా తినవచ్చా అని రెండుసార్లు అడిగారు.

పథ్యమిత్ర:
చాలా బాగుంది, ఒక్క సవరణ. కూరల నీళ్లు పారబోయవలసిన అవసరం ఇప్పుడు లేదు. ఆయన పొటాషియం 4.6 మాత్రమే; నీళ్లతో పాటు విటమిన్లు, రుచి కూడా పోతాయి. పైగా కూరలు, పండ్లు రక్తంలో పెరిగే ఆమ్లాన్ని తగ్గించి కిడ్నీలకు సాయపడతాయి. పొటాషియం 5 దాటుతోందని రిపోర్టు చెప్పిన రోజున ఆరుబయలు గారి పద్ధతి మొదలుపెడదాం. వారానికొకసారి ఒకే వేళకు, ఒకే త్రాసు మీద బరువు చూసి రాసిపెట్టండి. మూడు నెలల తర్వాత వెళ్లేటప్పుడు ఆ కాగితాన్ని, ఏవైనా మూడు రోజులు ఆయన తిన్నదంతా కొలతలతో రాసిన వివరాన్ని తీసుకువెళ్లి, ఒకసారి డైటీషియన్‌కు చూపించమని డాక్టరుగారిని అడగండి. ఆలోగా వాంతులు, విరేచనాలు పట్టుకుని ఏమీ తినలేని, తాగలేని పరిస్థితి వస్తే మాత్రం ఆగకుండా అదే రోజు డాక్టరుగారికి ఫోన్ చేయండి, రక్తపోటు మందు ఆ రోజుల్లో వేయాలో వద్దో ఆయన చెబుతారు.